ఓజిబ్వే ఊళ్లో పిల్లల క్లబ్బు: అది ఎవరి గొడుగు కింద నడవాలి?

ఉత్తర మిన్నెసోటాలో లీచ్ లేక్ రిజర్వేషన్ 1855 నాటి ఒప్పందంతో ఏర్పడింది. మ్యాప్‌లో దాని గీత పెద్దదే. కానీ ఆ గీత లోపల తెగ చేతిలో మిగిలిన నేల కొంచెమే, తక్కినదంతా చిప్పెవా జాతీయ అడవి, కౌంటీ భూములు, ప్రైవేటు పట్టాలు. పైగా క్యాస్, ఇటాస్కా, బెల్ట్రామి, హబ్బర్డ్ అనే నాలుగు కౌంటీలు అందులో తలా ఓ ముక్క పంచుకున్నాయి. ఇలాంటి చోట వారానికి మూడు సాయంత్రాలు 20 మంది పిల్లల్ని కూర్చోబెట్టి, కడుపు నింపి, నాలుగు మంచి పనులు నేర్పాలనుకున్న మనిషికి మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆ గది తాళం ఎవరిస్తారు? తెగ కౌన్సిలా, బడి యాజమాన్యమా, కౌంటీయా?

తాళం ఎవరు ఇవ్వాలన్నది క్లబ్బు ఎవరి పేరు మీద ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. చందాల రసీదు, వ్యాన్ బీమా, వంటకు వచ్చే ప్రభుత్వ సొమ్ము, సిబ్బంది నేర చరిత్ర పరిశీలన, ఇవన్నీ కూడా దాని వెంటే వస్తాయి. చాలామంది ముందు గ్రాంటు కోసం పరుగెత్తి, అది చేతికొచ్చాక గొడుగు వెతుక్కుంటారు. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి.

ముందుగా పేర్ల సంగతి. ఓజిబ్వే, చిప్పెవా, అనిషినాబే అనే మూడు పేర్లూ ఒకే జనానివి. చిప్పెవా అనేది ఒప్పందాల్లోనూ ప్రభుత్వ కాగితాల్లోనూ స్థిరపడిన రూపం. ఇంటి మాటలో అనిషినాబే ఎక్కువ. అక్కడి చట్టాల పేర్లలో కనిపించే ‘ఇండియన్’ అన్న మాట వీళ్ల గురించే, మన గురించి కాదు. ‘బ్యాండ్’ అంటే ఒక రిజర్వేషన్ జనమూ వాళ్ల ప్రభుత్వమూ. మిన్నెసోటాలో ఓజిబ్వే రిజర్వేషన్లు ఏడు. రెడ్ లేక్ తప్ప మిగతా ఆరూ, అంటే లీచ్ లేక్, వైట్ అర్త్, మిల్ లాక్స్, ఫాండ్ డు లాక్, బోయ్ ఫోర్ట్, గ్రాండ్ పోర్టేజ్, మిన్నెసోటా చిప్పెవా ట్రైబ్ అనే ఉమ్మడి రాజ్యాంగం కింద ఉన్నాయి. రెడ్ లేక్ తన భూమిని ముక్కలు చేసి పంచనివ్వలేదు కాబట్టి అక్కడ నేలంతా ఉమ్మడిదే, నిబంధనలూ వేరే. కెనడా వైపు ఓజిబ్వే ఊళ్లకు ఇంకో చట్టం వర్తిస్తుంది. కింద చెప్పేదంతా ముఖ్యంగా లీచ్ లేక్ తరహా ఊరి గురించి.

మూడు గొడుగులు

మొదటిది తెగ ప్రభుత్వంలోనే ఒక కార్యక్రమంగా నడపడం. అక్కడి కౌన్సిల్‌లో అధ్యక్షుడు, కార్యదర్శి-కోశాధికారి, జిల్లా ప్రతినిధులు కలిపి ఐదుగురికి మించరు. వాళ్లు తీర్మానం చేస్తే క్లబ్బుకు భవనం, జీతాల విభాగం, బీమా, తెగకున్న సార్వభౌమ రక్షణ (అంటే తెగ ఒప్పుకోకుండా దాని మీద దావా వేయలేకపోవడం) అన్నీ ఒక్కసారే దొరుకుతాయి. విరాళాల కోసం వేరే సంస్థ పెట్టాల్సిన పని కూడా ఉండదు. అమెరికా పన్ను చట్టంలోని 7871 సెక్షన్ ఈ విషయంలో తెగ ప్రభుత్వాన్ని రాష్ట్రంతో సమానంగా చూస్తుంది కాబట్టి, ప్రజాప్రయోజనం కోసం తెగకు ఇచ్చిన సొమ్ముకు దాతకు పన్ను మినహాయింపు ఉంటుంది. ఇది తెలియక అనవసరంగా విడి సంస్థ రిజిస్టరు చేసినవాళ్లు తక్కువేమీ కాదు. ఇబ్బందల్లా వేగంతోనే. ఒక పెద్దావిడకు 100 డాలర్ల చెక్కు రాయాలన్నా కాగితం నాలుగు బల్లలు దాటాలి. గ్రాంటులోంచి తెగ పరిపాలన ఖర్చుల వాటా కూడా ముందే మినహాయిస్తారు.

రెండోది సొంత లాభాపేక్షలేని సంస్థ. మిన్నెసోటా చట్టం ప్రకారం కనీసం ముగ్గురు డైరెక్టర్లు కావాలి. ఫెడరల్ గుర్తింపు సంఖ్య ఉచితం. 501(సి)(3) హోదా, అంటే పన్ను లేని ధార్మిక సంస్థ హోదా కోసం, ఏటా రాబడి 50,000 డాలర్లు, ఆస్తి 250,000 డాలర్లు దాటదనుకుంటే ఫారం 1023-ఈజీ సరిపోతుంది, రుసుము 275 డాలర్లు. దాటేటట్టుంటే పూర్తి ఫారం 1023, దానికి 600. ఇంతవరకు సులువే, అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. చిన్న సంస్థ ఏటా 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ కార్డు వేయాలి. వరసగా మూడేళ్లు మరిచిపోతే హోదా దానంతటదే రద్దవుతుంది. మొదలుపెట్టినవాళ్లు ఊరు మారి వెళ్లిపోతే ఆ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఇంకో సంగతి, తెగకున్న సార్వభౌమ రక్షణ ఈ సంస్థకు దానంతటదే రాదు. బీమా సొంతంగా కొనాలి. కొనేటప్పుడు పిల్లలపై లైంగిక వేధింపుల క్లెయిములు అందులో కలిశాయో లేదో విడిగా అడగాలి, ఎందుకంటే మామూలు బాధ్యత పాలసీల్లో చాలావరకు వాటిని మినహాయిస్తారు.

మూడోది పెద్ద సంస్థకు శాఖగా చేరడం, లేదా ఒక నమ్మకమైన సంస్థను ఆర్థిక సంరక్షకురాలిగా పెట్టుకోవడం, అంటే క్లబ్బు సొమ్మును ఆ సంస్థ పేరు మీదే నడపడం. బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్స్ ఆఫ్ అమెరికాకు ఆదివాసీ ఊళ్లలో చాలా శాఖలున్నాయి, లీచ్ లేక్ ప్రాంతంలోనూ ఒకటి ఉంది. యునైటెడ్ నేషనల్ ఇండియన్ ట్రైబల్ యూత్, పొట్టిగా యూనిటీ, 1976లో ఓక్లహోమాలో పుట్టింది. దాని పద్ధతి క్లబ్బు కంటే యువ మండలి వైపు మొగ్గు, అంటే పిల్లలే పదవులు పట్టి తీర్మానాలు చేస్తారు. ఆర్థిక సంరక్షణ అయితే వచ్చిన సొమ్ములో సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఆ సంస్థ పట్టుకుంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే.

మా మాట అడిగితే, మొదటి ఏడాది తెగ గొడుగు కిందో, ఆర్థిక సంరక్షణ కిందో ఉండి, పిల్లలు నిజంగా వస్తున్నారని తేలాక సొంత సంస్థ గురించి ఆలోచించడం మేలు. లెటర్‌హెడ్ ముందు అచ్చయి, పిల్లలు తర్వాత దొరకని క్లబ్బు రెండో చలికాలం చూడదు.

తీర్మానం, అంతకంటే ముందు పొగాకు

కౌన్సిల్ దగ్గరికి నేరుగా వెళ్లడం పొరపాటు. లీచ్ లేక్‌లో ఊరూరా స్థానిక ఇండియన్ కౌన్సిళ్లు ఉన్నాయి. బాల్ క్లబ్ అనే ఊళ్లో క్లబ్బు పెట్టాలంటే ఆ ఊరి సమావేశంలో ముందు మాట్లాడాలి. దానికీ ముందు ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి ఇంటికే పోవాలి. పోయేటప్పుడు చేతిలో అసేమా, అంటే పొగాకు ఉండాలి. సలహా గానీ విద్య గానీ అడిగే ముందు దాన్ని అందించడం అక్కడి మర్యాద. వాళ్లు అందుకుంటే విన్నపం ఒప్పుకున్నట్టు. అందుకోకపోతే పట్టుబట్టకూడదు.

ఇక్కడే ఓ చిల్లర చిక్కుంది. పిల్లల కార్యక్రమాల గ్రాంటుతో పొగాకు కొన్నామంటే ఆడిటర్ ఒప్పుకోవడం కష్టం. అందుకే దాన్ని బోర్డు సభ్యుల సొంత డబ్బుతో కొనాలి, లేదా పెరట్లో పెంచాలి. పొగాకుకు బదులు ఎర్ర కాడల డాగ్‌వుడ్ అనే పొద లోపలి బెరడు గీరి ఎండబెట్టే పద్ధతీ ఉంది, అది పిల్లలకు మంచి శీతాకాలపు పని. క్లబ్బు నియమావళిలో ‘పొగాకు నిషేధం’ అని ఊరికే రాయకుండా, సిగరెట్లు, వేప్‌లు నిషిద్ధం, ఆచారంలో అర్పించే అసేమా కాదు అని విడదీసి రాయాలి.

తీర్మానం పాఠంలో నాలుగు సంగతులు తప్పనిసరి: ఏ భవనం, వారానికి ఏ రోజులు, ఎవరి బడ్జెట్ పద్దు, ఏ విభాగం అధిపతి బాధ్యుడు. నోటిమాటగా ఒక ప్రతినిధి ‘సరే కానివ్వండి’ అన్నది చాలదు. మిన్నెసోటా చిప్పెవా ట్రైబ్ ఎన్నికలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి. కౌన్సిల్ మారితే ఆ మాట ఇచ్చిన మనిషే ఉండకపోవచ్చు, తీర్మానం సంఖ్య మాత్రం ఉంటుంది.

పిల్లల చేరిక ఫారంలో తెగ సభ్యత్వ సంఖ్య అడగాలనే ఉబలాటం కొందరికి ఉంటుంది. అడగొద్దు. ఉమ్మడి రాజ్యాంగంలో 1960ల మొదట్లో వచ్చిన సవరణ ప్రకారం సభ్యత్వానికి నాలుగో వంతు తెగ రక్తం ఉండాలి. తాతమ్మల ఇంట్లోనే పెరుగుతూ, ఆ భాషే వింటూ, ఆ లెక్కలో అందక బయట ఉండిపోయిన పిల్లలు ప్రతి వీధిలో ఉంటారు. అన్నదమ్ముల్లో ఒకడు లోపల, ఒకడు బయట అయితే ఇద్దరూ రారు. బడిలో నడిచే ఫెడరల్ టైటిల్ 6 ఇండియన్ విద్యా గ్రాంటు కూడా తెగ సభ్యుల పిల్లల్నీ మనవల్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ఒరవడే క్లబ్బుకూ బాగుంటుంది.

మేనత్త అనే గడి లేని ఫారం

తెలుగువాళ్లకు ఇట్టే అర్థమై, ఇంగ్లిష్ ఫారాలకు ఎంతకీ అర్థంకాని సంగతి ఒకటుంది. ఓజిబ్వే బంధుత్వం మన వరస లాంటిది. పినతండ్రి, పెదతండ్రి, పిన్ని, పెద్దమ్మల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామల పిల్లలది వేరే వరస. మేనత్తను ‘నింజిగోస్’ అంటారు, అత్తగారిని ‘నింజిగోజిస్’ అంటారు. మనం రెంటికీ ఒకే ‘అత్త’ వాడినట్టే, అక్కడా ఒకే వేరు నుంచి రెండు మాటలూ పుట్టాయి. దాని పక్కనే తండ్రి వైపునుంచి వచ్చే దూడెమ్ ఉంది. కొంగ, లూన్ అనే నీటిపక్షి, ఎలుగు, చేప, మార్టెన్ లాంటి పేర్లతో ఉండే వంశం అది. ఒకే దూడెమ్‌లో పెళ్లి కూడదు. ఇంగ్లిష్‌లోని ‘టోటెమ్’ ఈ మాటనుంచి వచ్చిందే.

క్లబ్బుకు దీంతో పనేమిటంటే, సాయంత్రం ఏడింటికి బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చినావిడ ‘వాళ్ల నానమ్మని’ అంటుంది. కాగితం మీద చూస్తే ఆమె నానమ్మ చెల్లెలు. ఆమె అబద్ధమాడటం లేదు. అందుకే ఫారంలో ‘సంబంధం’ అనే ఒక్క గడి పెట్టి ఊరుకోకుండా, తీసుకెళ్లగల నలుగురి పేర్లూ ఫోన్లూ రాయించుకోవాలి, అసలు ఎవరికి ఇవ్వకూడదో దానికి ఇంకో గడి ఉండాలి. చాలామంది పిల్లలు అమ్మమ్మ, తాతల దగ్గర పెరుగుతారు. అనుమతి పత్రంలో సంతకం పెట్టే హక్కు చట్టప్రకారం ఎవరిదో, కోర్టు కాగితం గానీ తల్లిదండ్రులు రాసిచ్చిన అధికార పత్రం గానీ ఉందో లేదో చేరేరోజే చూడాలి. వైద్యం అవసరమైన రాత్రి వెతుక్కునే కాగితం కాదది.

బావామరదళ్ల వరసైన పిల్లలు ఒకరినొకరు గట్టిగా ఆటపట్టించుకోవడం ఆ వరసలో భాగమే. బయటినుంచి వచ్చిన సిబ్బంది దాన్ని వేధింపుగా రాసేస్తారు, నిజమైన వేధింపును ‘వాళ్ల పద్ధతేలే’ అని వదిలేస్తారు. రెండూ జరుగుతాయి. ఇద్దరూ నవ్వుతున్నారా, ఒక్కరేనా అని చూడటమే దీనికి కొలత. సందేహం వస్తే వాళ్ల అమ్మమ్మనే అడగడం నయం.

సిబ్బంది, వేలిముద్రలు

1990 నాటి ఇండియన్ శిశు రక్షణ, కుటుంబ హింస నివారణ చట్టం ప్రకారం, పిల్లలతో తరచూ మసలే తెగ ఉద్యోగాలకు నేర చరిత్ర పరిశీలన తప్పనిసరి. ఏ ఘోర నేరమైనా, లేదా హింస, లైంగిక దాడి, మనుషులపై, పిల్లలపై నేరాలకు సంబంధించిన చిన్న కేసులు రెండు ఉన్నా ఆ ఉద్యోగానికి పనికిరారు. క్లబ్బు ఏ గొడుగు కింద ఉన్నా వాలంటీర్లకు కూడా ఇదే కొలత పెట్టుకోవాలి. వేలిముద్రల ఫలితం రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి, తెరిచే తేదీకి రెండు నెలల ముందే అందరివీ పంపాలి. ఈ ఒక్క పని ఆలస్యం కావడం వల్లే ప్రారంభోత్సవాలు వాయిదా పడతాయి.

చిన్న ఊళ్లో ఇది నొప్పి పుట్టించే పని. డోలు పాటలు బాగా తెలిసిన మనిషికి పాతికేళ్లనాటి కేసు ఉండొచ్చు, ఊరంతా ఆయన్ని గౌరవించవచ్చు. ఆయన్ని సిబ్బందిగా తీసుకోలేరు. ఒక సాయంత్రం అతిథిగా రావచ్చో లేదో తెగ మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. సరేనంటే, పరిశీలన పూర్తయిన ఇద్దరు పెద్దలు గదిలో చివరిదాకా ఉండాలి. ఇది ఆయనతో ముందే, ఒంటరిగా, మర్యాదగా చెప్పాలి. పదిమందిలో గుమ్మం దగ్గర ఆపితే ఆయనతోపాటు ఆ కుటుంబమంతా క్లబ్బుకు దూరమవుతుంది.

10 మంది పిల్లలకు ఒక పెద్ద అన్నది వాడుకలో ఉన్న లెక్క. అయినా ఎంత తక్కువమంది వచ్చినా ఇద్దరు పెద్దలకు తగ్గకూడదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లను ఒక జట్టుగా, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను ఇంకో జట్టుగా వేరే గంటల్లో పెట్టాలి. కలిపితే పెద్దపిల్లలు మానేస్తారు. రావడం మానేశామని కూడా చెప్పరు.

పిల్లలపై అఘాయిత్యం అనుమానం వస్తే, మిన్నెసోటాలో చెప్పి తీరాల్సిన వృత్తుల్లోనివాళ్లు వెంటనే, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో నోటిమాటగా తెలపాలి. ఆ తర్వాత, సెలవులూ వారాంతాలూ పోను 72 గంటల్లో రాసివ్వాలి. ఎవరికి? 1953 నాటి పబ్లిక్ లా 280 వల్ల లీచ్ లేక్‌లో నేర విచారణ రాష్ట్రానిది. పిల్లల సంక్షేమం చూసే విభాగం మాత్రం తెగకు సొంతంగా ఉంది. రెడ్ లేక్‌లో ఆ చట్టం వర్తించదు. అందుకని ఏ ఊరికి ఏ నంబరో ముందే తేల్చుకుని సిబ్బంది గదిలో గోడకు అంటించాలి. ఆ క్షణంలో సిబ్బంది చట్టం చదువుతూ కూర్చోలేరు.

పళ్లెంలోకి వచ్చేది

తిండి ముందు పెట్టాలి, చివర్లో కాదు. బడి నుంచి బస్సు దిగి వచ్చిన పిల్లల ధ్యాసంతా ఆకలి మీదే ఉంటుంది.

ఫెడరల్ ప్రభుత్వపు పిల్లల, పెద్దల సంరక్షణ ఆహార కార్యక్రమం బడి తర్వాత రోజుకు ఒక భోజనం, ఒక చిరుతిండి చొప్పున తిరిగి చెల్లిస్తుంది. షరతు ఏమిటంటే, ఆ చుట్టుపక్కల బడిలో కనీసం సగంమంది పిల్లలు ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హులై ఉండాలి. ఎంపిక చేసిన క్రీడా జట్టుకు ఇది ఇవ్వరు, తలుపు అందరికీ తెరిచి ఉండాలి. చిరుతిండిలో పాలు, మాంసకృత్తులు, కూరగాయలు, పండ్లు, ధాన్యం అనే ఐదింటిలో రెండు ఉండాలి. ఆ రెండూ తాగేవే అయితే లెక్కలోకి రావు. రాత్రి భోజనానికి ఐదూ కావాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లకు ఒక కప్పు పాలు, 2 ఔన్సుల మాంసం, అరకప్పు కూర, పావుకప్పు పండు, ఒక ఔన్సు ధాన్యం.

ఆ ధాన్యం మనూమిన్ కావచ్చు. సరస్సుల్లో నీటి మీద పెరిగే ఆ గింజనే బయట వైల్డ్ రైస్ అంటారు. ఉడికిన అరకప్పు ఒక ఔన్సు లెక్క. 20 మందికి ఉడికినది 10 కప్పులు కావాలి, ఉడికితే మూడు నాలుగింతలు అవుతుంది కాబట్టి పొడి గింజ మూడు కప్పులు, తూకంలో సుమారు ఒక పౌండు. సరస్సులో చేత్తో కోసి చేత్తో వేయించినది 20 నుంచి 30 నిమిషాల్లో మెత్తబడుతుంది. మడుల్లో పండించి దుకాణాల్లో అమ్మే నల్లగింజకు దాదాపు గంట. ఈ తేడా తెలియని వంటమనిషి మంచి గింజను గంజి చేస్తుంది.

ఎవరైనా జింక మాంసమో చేపలో తెచ్చిస్తే తీసుకోవచ్చా? 2014 వ్యవసాయ చట్టంలోని 4033 సెక్షన్ ప్రకారం, ముఖ్యంగా ఆదివాసీలకు వండిపెట్టే ప్రభుత్వ, లాభాపేక్షలేని వంటశాలలు దానంగా వచ్చిన సంప్రదాయ ఆహారాన్ని వాడుకోవచ్చు. మాంసం మొత్తంగా గానీ, పేగులు తీసి గానీ, పెద్ద ముక్కలుగా గానీ రావాలి, కైమా కొట్టి తేకూడదు. జబ్బు జంతువు కాదని చూసుకోవాలి. మిగతా వంటతో కలవకుండా వేరే సమయంలోనో వేరే బల్ల మీదో కోయాలి, బల్ల కడగాలి, పేరు రాసిన చీటీ అంటించి ఫ్రీజరులో వేరే అరలో పెట్టాలి. చీటీ లేని పొట్లాలు తనిఖీ రోజున చెత్తబుట్టలోకి పోతాయి. ఇచ్చినవాడికి అది పెద్ద అవమానం.

సొమ్ము సంగతికొస్తే, ఇది ఖర్చు పెట్టాక వచ్చే డబ్బు. 20 మంది, వారానికి 3 సాయంత్రాలు, 36 వారాలు అంటే 2,160 పళ్లేలు. వాటిలో రెండు నెలలవి, అంటే 500కు పైగా పళ్లేల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉండాలి. లేకపోతే అక్టోబర్ బిల్లు తీరేలోపు నవంబర్‌లో వంట ఆగుతుంది.

దారి, గది

యూఎస్ 2 రహదారి వెంట క్యాస్ లేక్, బీనా, బాల్ క్లబ్ దూరదూరంగా ఉంటాయి. జనవరిలో ఫారెన్‌హీట్ కొలతలో సున్నాకు 30 డిగ్రీలు దిగువకు, అంటే మైనస్ 34 సెల్సియస్‌కు పడే రాత్రులు వస్తాయి. పిల్లల్ని ఇంటికి చేర్చే బండి లేకపోతే క్లబ్బు నడిచి రాగల నాలుగిళ్లకే పరిమితమవుతుంది. 15 సీట్ల పాత వ్యాన్ చవగ్గా దొరుకుతుంది, కొనకండి. పదిమంది దాటి కూర్చుంటే అది బోల్తాపడే ముప్పు బాగా పెరుగుతుంది. బడి పిల్లల రవాణాకు అలాంటి కొత్త వ్యాన్లు అమ్మడాన్ని ఫెడరల్ చట్టమే డీలర్లకు నిషేధించింది. ఏడు సీట్ల బండి రెండు ట్రిప్పులు వేయడం, లేదా బడికి చెందిన ఆలస్యపు బస్సులో చోటు మాట్లాడుకోవడం మెరుగు. ఇంజను వేడిచేసే హీటరు తీగకు బయట ప్లగ్ పాయింటు ఉందో లేదో భవనం ఎంచుకునేటప్పుడే చూడాలి.

భవనం అంటే మామూలుగా కమ్యూనిటీ సెంటరే. ఊళ్లో ఎవరైనా పోతే జాగారం కూడా అక్కడే, రెండు రాత్రులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో క్లబ్బు ఉండదు. ఇది ఎవరూ అడిగి తీసుకునే అనుమతి కాదు, అందరికీ తెలిసిన ఆనవాయితీ. గ్రాంటు దరఖాస్తులో 108 సాయంత్రాలు తప్పకుండా జరుపుతామని రాస్తే లెక్క తప్పుతుంది, 90 అని రాసుకోవడం తెలివి. బడిలో ఒక గదిని రెండో చోటుగా మాట్లాడి పెట్టుకుంటే చిన్నపిల్లల జట్టయినా ఆగకుండా నడుస్తుంది. పెద్దపిల్లలు ఎలాగూ జాగారంలో కట్టెలు మోస్తూ, కాఫీ పోస్తూ ఉంటారు.

రుతువులే పాఠ్యప్రణాళిక

బడి క్యాలెండర్ ఒక్కటే చూసుకుని ప్రణాళిక వేసినవాళ్లు రెండు ముఖ్యమైన పనులు పోగొట్టుకుంటారు. మనూమిన్ కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్‌లో ముగుస్తుంది. మేపుల్ రసం మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. క్లబ్బుకు అవే పంటకాలాలు.

మేపుల్‌తో మొదలుపెట్టడం సులువు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో రసం పారుతుంది. 10 నుంచి 12 అంగుళాల కంటే సన్నని చెట్టుకు రంధ్రం వేయకూడదు. లోతు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు. ఒక్కో గొట్టానికి ఆ కాలమంతా కలిపి సుమారు 10 గ్యాలన్ల రసం, 40 గ్యాలన్లు కాస్తే ఒక గ్యాలన్ పాకం. అంటే 20 గొట్టాలకు 200 గ్యాలన్లు, చివరికి మిగిలేది 5 గ్యాలన్లు. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే రెండోరోజు ‘ఇంతేనా’ అంటారు. నీళ్లు మరిగే వేడికి 7 ఫారెన్‌హీట్ డిగ్రీలు పైన పాకం వస్తుంది. పొంగొస్తే కొంచెం వెన్న వేస్తే అణుగుతుంది. తేడా వచ్చేది రెండు చోట్ల. వెచ్చని రోజున బకెట్లలో రసం వదిలేస్తే పులుస్తుంది. ఆఖరి గంటలో బాణలి దగ్గర పెద్దవాళ్లు లేకపోతే పాకం మాడుతుంది, పిల్లల చేతులూ కాలతాయి. మొదటి గొట్టం కొట్టే ముందు అసేమా పెట్టాలి, మొదటి పాకం పెద్దలకు పోవాలి. చెట్లు జాతీయ అడవిలోవైతే తెగ వనరుల విభాగంతో ముందే మాట్లాడుకోవాలి.

మనూమిన్‌కు పడవలో ఇద్దరు. ఒకరు నిలబడి గడకర్రతో తోస్తారు, ఇంకొకరు కూర్చుని రెండు తేలిక కర్రలతో, ఒకదానితో కాడలు వంచి, రెండోదానితో తట్టి గింజ రాలుస్తారు. మిన్నెసోటా రాష్ట్ర నిబంధనల్లో ఆ కర్ర 30 అంగుళాలు, ఒక పౌండు మించకూడదు. రిజర్వేషన్ నీళ్లలో తెగ నియమాలు నడుస్తాయి, సరస్సు ఎప్పుడు తెరవాలో కూడా అక్కడే నిర్ణయమవుతుంది. సభ్యత్వం లేని సిబ్బంది ఏ నీళ్లలో కోయవచ్చో ముందే కనుక్కోవాలి. పొడుగు చేతుల చొక్కా లేకపోతే గింజ ముళ్లూ పురుగులూ ఒళ్లంతా దురద పుట్టిస్తాయి. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ పడవ ఎక్కకూడదు. పచ్చిగింజ సంచుల్లోనే కుక్కి ఉంచితే వేడెక్కి బూజు పడుతుంది, ఒడ్డుకు రాగానే పరచి ఆరబెట్టాలి. తర్వాత వేయించడం, మెత్తని చెప్పులతో తొక్కడం, చెరగడం. కోసిన గింజ ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కొంత పిల్లల ఇళ్లకు, కొంత ఊరి విందుకు, కొంత క్లబ్బు వంటింటికి అని పంచుకోవడం సబబు. పెద్దల్ని అడక్కుండా నిధుల కోసం అమ్మకానికి పెట్టడం మాత్రం తప్పు.

చలికాలం కథలది. ఆదిజూకాన్ అనే పవిత్ర కథలు, నానబూజూ అనే మాయలమారి వీరుడి కథలు కూడా, నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. వేసవి శిబిరానికి వచ్చిన దాతల ముందు ‘ఒక కథ చెప్పండి’ అని పెద్దాయన్ని అడగడం ఆయన్ని ఇరుకున పెట్టడమే. అదే చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద చేపలకు పోవచ్చు. నడవడానికి గట్టి, తేటైన మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. అది కూడా ఒక్కచోట తవ్వి చూస్తే చాలదు, నడిచే దారి పొడవునా కొలవాలి.

భాష విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. వారానికి ఒక గంట పాఠంతో ఎవరికీ భాష రాదు. అలవాటుగా మారే చిన్న పని ఒకటి చాలు. ప్రతి సాయంత్రం గుండ్రంగా నిలబడి, ‘బూజూ’ అని పలకరించి, పేరు, దూడెమ్, ఊరు ఆ భాషలోనే చెప్పుకోవడం. దూడెమ్ తెలియని పిల్లలు ఉంటారు, పిల్లల్ని ఇళ్లనుంచి వేరుచేసిన బోర్డింగ్ స్కూళ్లూ దత్తతలూ చాలా ఇళ్లలో ఆ దారం తెంపేశాయి. వాళ్లను అందరి ముందు అడగొద్దు, ‘ఇంకా వెతుకుతున్నాను’ అనే వాక్యం కూడా అందరికీ నేర్పాలి. మాటల సరిచూపుకు మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపే ఓజిబ్వే పీపుల్స్ డిక్షనరీలో ఊరి మాట్లాడేవాళ్ల గొంతులు వినవచ్చు. అయినా మీ ఊరి పెద్ద వేరేలా పలికితే ఆమెదే సరైనది.

డోలు, పొగ వేయడం, ఆచారాల ఫొటోలు, ఆడపిల్లల నెలసరి రోజుల నియమాలు, ఇవన్నీ ఊరూరికీ మారతాయి. క్లబ్బు సొంతంగా ఏదీ నిర్ణయించకూడదు. నెలసరి సంగతి ఆడ పెద్దలే ఆడపిల్లలకు చెప్పాలి, మగ సిబ్బంది ప్రకటనలా చదవకూడదు. పొగ వేసే రోజున భవనంలో మంటల హెచ్చరిక యంత్రం సంగతి తాళం చేతులున్న మనిషికి ముందే చెప్పాలి. ఇది చిన్నదే, కానీ ఒకసారి అగ్నిమాపక బండి వచ్చిందంటే ఆ ఆచారాన్నే భవనంలో ఆపేస్తారు.

వచ్చిన పెద్దలకు గౌరవ వేతనం అదే సాయంత్రం చేతికి అందాలి. తెగ ఖాతాలనుంచి చెక్కు ఆరు వారాలకు వస్తే ఆమె రెండోసారి రాదు, ఎందుకో చెప్పదు కూడా. అందుకని ఏటా మొదట్లోనే కొంత మొత్తానికి ముందస్తు నగదు లేదా బహుమతి కార్డుల అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ పింఛను మీద బతికేవాళ్లకు ఆ డబ్బు లెక్కలోకి వస్తుందేమో ముందుగా అడగాలి, వద్దంటే దుప్పటో బియ్యమో ఇవ్వాలి.

ఒక పిల్ల ‘ఇక బతకాలని లేదు’ అన్న సాయంత్రం కోసం కాగితం ముందే రాసి ఉండాలి. ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. ఒక పెద్ద ఆమె దగ్గర కూర్చుంటే, రెండోవారు ఇంటివాళ్లకూ, తెగ మానసిక ఆరోగ్య విభాగానికీ, 988కి ఫోన్ చేయాలి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లను ఆదుకోవడానికి 2022 జూలై నుంచి దేశమంతటా పనిచేస్తున్న నంబరది. ఊళ్లో ఎవరైనా కుర్రాడు అలా పోయినప్పుడు క్లబ్బు గోడ మీద పెద్ద ఫొటో పెట్టి స్మారకం కట్టకండి. మిగతా పిల్లల్లో అదే దారి పట్టే ప్రమాదాన్ని అది పెంచుతుంది. వాళ్లకు ఆ వారం కావలసింది తెరిచి ఉన్న తలుపు, వేడి అన్నం, తెలిసిన ముఖాలు.

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు మళ్లీ వచ్చి ‘ఇప్పుడు నేను సాయం చేస్తాను’ అంటారు. సంతోషమే, కానీ ఆ పుట్టినరోజు మర్నాటి నుంచి వాళ్లు పెద్దల లెక్క. వేలిముద్రలు ఇవ్వాలి, ఫలితం వచ్చేదాకా చిన్నపిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమాన్ని పదిహేడో ఏటే చెప్పి, ఆ ఫారం వాళ్లచేతే నింపించి బల్లసొరుగులో పెట్టుకుంటే, మధ్యలో ఖాళీ నెలలు రాకుండా వాళ్లు ఇటునుంచి అటు మారతారు.